టీడీఎస్ రీఫండ్ ఆగింది, ప్రయాణ బిల్లులు కట్టలుగా ఉన్నాయి: ఏది దేనికి పనికొస్తుంది?

కచ్చాచిట్టా | 18 నవంబర్ 2025

ఈ వారం ఇలాంటి ప్రశ్నలే రెండు మూడు చోట్ల కనపడ్డాయి. అన్నీ కలిపి ఒకే ఉదాహరణగా ఇక్కడ పెడుతున్నాను, తెలిసినవాళ్ళు చెప్పండి.

స్వతంత్రంగా పనిచేసే టెక్నికల్ కన్సల్టెంట్. 2024-25లో క్లయింట్ల నుంచి వచ్చింది మొత్తం 18 లక్షలు. అందులో 15 లక్షలు ఫీజు. మిగతా 3 లక్షలు విమానం, హోటల్, కారు ఖర్చుల కింద క్లయింట్లు తిరిగి ఇచ్చినవి. ఇన్వాయిస్ ఒక్కటే, రెండూ అందులోనే. అందుకని 194జే కింద మొత్తం మీద 10 శాతం, అంటే 1,80,000 టీడీఎస్ (డబ్బు ఇచ్చేవాళ్ళే ముందుగా కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) కోశారు.

రిటర్ను ఐటీఆర్-4లో, 44ఏడీఏ కింద (రాబడిలో సగాన్ని ఆదాయంగా లెక్కవేసే పద్ధతి), కొత్త పన్ను విధానంలో, సెప్టెంబర్ మొదటి వారంలో వేశారు. ఆధార్ ఓటీపీతో అదే రోజు ఈ-వెరిఫై కూడా అయింది. అందులో రాబడి 15 లక్షలే చూపించి, టీడీఎస్ మాత్రం 1,80,000 మొత్తం అడిగారు. రీఫండ్ ఇంకా రాలేదు.

ఎక్కడ ఆగినట్టు? ఆ 3 లక్షల ప్రయాణ బిల్లులు ఇప్పుడు దేనికైనా పనికొస్తాయా?

టిక్‌మార్క్

ముందు స్టేటస్ ఏమంటోందో చూడాలి. పోర్టల్‌లో ఈ-ఫైల్, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్స్, వ్యూ ఫైల్డ్ రిటర్న్స్, అక్కడ ఆ సంవత్సరానికి ఎదురుగా వ్యూ డిటైల్స్. చాలామంది రీఫండ్ అనే మాట కోసం వెతుకుతారు గాని రిటర్ను ఏ మెట్టు మీద ఉందన్నదే అసలు సంగతి.

వెరిఫై అయి, ప్రాసెసింగ్ ఇంకా కాకపోతే బెంగళూరు సీపీసీ (రిటర్నులు ప్రాసెస్ చేసే కేంద్రం) 143(1) ఇంటిమేషన్, అంటే లెక్క తేల్చి పంపే కాగితం, ఇవ్వలేదని అర్థం. బ్యాంకు ఖాతా మార్చినా, రీఫండ్ మళ్ళీ పంపమని రీఇష్యూ అడిగినా ఆ దశలో ప్రయోజనం లేదు. ప్రాసెసింగ్ అయి రీఫండ్ ఫెయిల్ అని వస్తే అది ఖాతా సమస్య. రీఫండ్‌ను బకాయికి సర్దుబాటు చేశామని వస్తే అది సెక్షన్ 245, పాత డిమాండ్ తాలూకు. మూడింటికీ మందు వేరు, ఒకదానికి రాసింది ఇంకోదానికి పనిచేయదు.

స్టేటస్ చూశాక పెండింగ్ యాక్షన్స్ కింద ఈ-ప్రొసీడింగ్స్ కూడా తెరవాలి. ఈమెయిల్ స్పామ్‌లోకి పోయి, 139(9) డిఫెక్టివ్ నోటీసు (రిటర్నులో లోపం ఉందని చెప్పేది) అక్కడ జవాబు లేకుండా పడి ఉండటం మామూలే. దానికి గడువు 15 రోజులు. జవాబు ఇవ్వకపోతే రిటర్ను చెల్లనిదిగా తేల్చేసే ప్రమాదం ఉంది.

రోకడ్‌బాబు

వెరిఫై అయ్యాక నాలుగైదు వారాల్లో వస్తుందంటారు కదండీ. సెప్టెంబర్‌లో వేసినదానికి అది ఎప్పుడో దాటింది. గ్రీవెన్స్ (ఫిర్యాదు) వేసేస్తే సరిపోదా?

టిక్‌మార్క్

నాలుగైదు వారాలన్నది మామూలుగా పట్టే సమయం, చట్టం పెట్టిన గడువు కాదు. చట్టం ప్రకారం, రిటర్ను వేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక 9 నెలల్లోపు ఇంటిమేషన్ పంపాలి. 2025 సెప్టెంబర్‌లో వేసినదానికి అది 2026 డిసెంబర్ 31. అంతదాకా ఆలస్యమైంది అనడానికి చట్టపరంగా ఆధారం లేదు. గ్రీవెన్స్ వేయవచ్చు, తప్పేం లేదు. కాకపోతే రిటర్నులోనే పొంతన లేనప్పుడు వచ్చే జవాబు ప్రాసెసింగ్‌లో ఉంది అన్న ఒక్క వాక్యమే.

ఈ కేసులో పొంతన లేదు.

వోచర్‌వాణి

అదే చెప్పబోతున్నాను. 26ఏఎస్‌లో (మన పాన్ మీద ఎవరెంత పన్ను కోశారో చూపే పట్టిక) ఆ క్లయింట్ల పేరుతో 18 లక్షలు కనిపిస్తున్నాయి. రిటర్నులో 15. టీడీఎస్ మాత్రం 18 మీద కోసినదంతా అడిగారు. రూల్ 37బీఏ ప్రకారం ఏ ఆదాయం మీద టీడీఎస్ కోశారో ఆ ఆదాయం లెక్కలోకి వచ్చిన సంవత్సరంలోనే, వచ్చిన మేరకే క్రెడిట్ ఇస్తారు. ఐటీఆర్‌లో టీడీఎస్ షెడ్యూల్లో ప్రతి వరుసకీ ఎదురుగా, దానికి సంబంధించిన రాబడి ఎంత చూపించారు అనే గడి ఉంటుంది. ఆ గడీ, రాబడి గడీ, 26ఏఎస్ మూడూ కలవకపోతే డిఫెక్టివ్ నోటీసు రావడానికి అదొక్కటే చాలు.

అంకెలు వేద్దాం.

రాబడి 15 లక్షలు అని వేసినట్టయితే: ఆదాయం సగం, 7,50,000. ఆ ఏడాది కొత్త విధానంలో 3 నుంచి 7 లక్షల మీద 5 శాతం 20,000, పైన 50,000 మీద 10 శాతం 5,000. సెస్సుతో 26,000. అడిగిన రీఫండ్ 1,54,000.

రాబడి 18 లక్షలు అయితే: ఆదాయం 9,00,000. పన్ను 20,000, దానికి ఇంకో 20,000 కలిపి, సెస్సుతో 41,600. రీఫండ్ 1,38,400.

తేడా 15,600. ఈ మొత్తం కోసం లక్షా ముప్పై ఎనిమిది వేలు ఆగి ఉన్నాయి. 2025 డిసెంబర్ 31లోపు 139(5) కింద సవరణ రిటర్ను వేసుకోవచ్చు. 18 లక్షలు చూపించి, టీడీఎస్ షెడ్యూల్లో ప్రతి క్లయింటు వరుసనూ సరిచేసి, మళ్ళీ ఈ-వెరిఫై చేయాలి. సవరణ రిటర్నుకు కూడా 30 రోజుల వెరిఫికేషన్ గడువు వర్తిస్తుంది, అది మరిచిపోతారు.

ఆవర్జా

నేను ఒప్పుకోను. ఖర్చు పెట్టినదంతే తిరిగి తీసుకున్నప్పుడు అందులో లాభం అన్నది లేదు, అది రాబడి ఎలా అవుతుంది? 3 లక్షలకు 44ఏడీఏ కింద సగం, లక్షన్నర ఆదాయం అని ఒప్పుకోవడం అన్యాయం. కోర్టుల్లో కూడా అసలు ఖర్చు రీయింబర్స్‌మెంట్ మీద టీడీఎస్ అక్కర్లేదన్న తీర్పులు ఉన్నాయి.

వోచర్‌వాణి

ఆవర్జా గారూ, సూత్రం మీరన్నదే. కాగితం మాత్రం వేరే మాట చెబుతోంది. ఆ తీర్పుల్లో ఫీజుకు ఒక బిల్లు, ఖర్చులకు వేరే బిల్లు, దానికి హోటల్, విమానం అసలు రసీదులు జత. ఇక్కడ ఇన్వాయిస్ ఒక్కటే. సీబీడీటీ 1995 ఆగస్టు 8న ఇచ్చిన 715 సర్క్యులర్‌లో 30వ ప్రశ్నకు జవాబు స్పష్టంగానే ఉంది: టీడీఎస్ కోసేటప్పుడు రీయింబర్స్‌మెంట్‌ను బిల్లు మొత్తంలోంచి తీసేయకూడదు. క్లయింటు చేసింది దాని ప్రకారమే.

ఐటీఆర్-4లో ఇది రీయింబర్స్‌మెంటండీ అని రాసుకోవడానికి చోటు లేదు. కంప్యూటర్‌కి రెండు అంకెలు కలవాలి, అంతే. పోరాడాలనుకుంటే నోటీసు వచ్చాక ప్రతి క్లయింటుకూ ఒక పొంతన పట్టిక పెట్టుకుని పోరాడవచ్చు: ఇన్వాయిస్ నంబరు, ఫీజు, ఖర్చు, జతచేసిన బిల్లులు, టీడీఎస్. 15,600 కోసం అంత పనా అన్నది ఎవరికివారు తేల్చుకోవాలి. నా మాటైతే సవరించుకోవడమే.

ఇంకొకటి. డిసెంబర్ 31 దాటాక ఐటీఆర్-యూ (గడువు అయ్యాక వేసే అప్‌డేటెడ్ రిటర్ను) ఉందిలే అనుకోవద్దు. రీఫండ్ వచ్చేటట్టు గాని, పెరిగేటట్టు గాని ఉంటే ఆ దారి మూసే ఉంటుంది.

రోకడ్‌బాబు

అయితే 18 లక్షలు చూపించి, ప్రయాణ ఖర్చు 3 లక్షలు తగ్గించుకోవచ్చు కదా? బిల్లులన్నీ ఉన్నాయి.

జమాఖర్చు

44ఏడీఏలో కుదరదు. అక్కడ సగం రాబడి ఖర్చులకే పోయిందని చట్టమే అనుకుంటుంది. 30 నుంచి 38 దాకా సెక్షన్ల కింద వచ్చే మినహాయింపులన్నీ ఆ సగంలో కలిసిపోయినట్టే. ప్రయాణం, అద్దె, తరుగుదల, ఏదీ మళ్ళీ తీయడానికి లేదు.

విడిగా ఖర్చులు చూపాలంటే ఐటీఆర్-3, ఖాతా పుస్తకాలు. 44ఏడీఏకి అర్హత ఉండి కూడా ఆదాయం సగం కన్నా తక్కువ చూపిస్తే, మొత్తం ఆదాయం కనీస పరిమితి దాటినప్పుడు 44ఏబీ ఆడిట్ తప్పదు. ఈ ఉదాహరణలో అసలు ఖర్చులు 9 లక్షలు దాటితే తప్ప దాని జోలికి పోనక్కర్లేదు. మామూలుగా కన్సల్టెంటుకు అంత ఖర్చు ఉండదు.

ఖర్చు నిజంగానే ఎక్కువుండేవాళ్ళు ఉన్నారు. సొంత మనుషుల్ని పెట్టుకుని ఊరూరా సైట్ పనులు చేసేవాళ్ళు, 50 లక్షల పరిమితి దాటినవాళ్ళు (నగదు రాబడి 5 శాతం మించకపోతే ఆ పరిమితి 75 లక్షలు). వాళ్ళకి బిల్లులే ప్రాణం. సెక్షన్ 37(1) అడిగేది చిన్న మాటే: ఖర్చు పూర్తిగా, కేవలం వ్యాపారం కోసం అయి ఉండాలి, సొంతానిది కాకూడదు, మూలధన ఖర్చు కాకూడదు. కొత్త విధానంలో ఉన్నా ఇది వర్తిస్తుంది. కొత్త విధానంలో ఖర్చులు తీయకూడదని చాలామంది భ్రమ.

ప్రతి ప్రయాణానికీ ఒక ఫోల్డర్ పెట్టాలి. అందులో మూడు రకాల కాగితాలు ఉండాలి, మూడోదే ఎవరూ దాచరు.

వెళ్ళినట్టు: టికెట్టు, బోర్డింగ్ పాసు. టికెట్టు కొన్నట్టు మాత్రమే చెబుతుంది, ప్రయాణం చేసినట్టు చెప్పదు. పాసు పోతే ఎయిర్‌లైన్‌ను ప్రయాణం చేసినట్టు ధ్రువపత్రం అడగవచ్చు. రైలుకు ఈ-టికెట్టు పీడీఎఫ్ ఆ రోజే దింపుకోవాలి.

డబ్బు కట్టినట్టు: కార్డు లేదా బ్యాంకు స్టేట్‌మెంట్లో ఆ వరుస. బిల్లు మీద సంస్థ పేరుండాలి.

ఎందుకు వెళ్ళినట్టు: పిలిచిన ఈమెయిల్, పర్చేజ్ ఆర్డర్, మీటింగ్ నోట్సు, క్లయింటు గేటు దగ్గర ఇచ్చిన విజిటర్ పాసు, తర్వాత వేసిన ఇన్వాయిస్ నంబరు. అధికారి మొదట అడిగేది ఇదే. టికెట్టు సొంత పెళ్ళి ప్రయాణానికీ ఒకేలా ఉంటుంది కదా.

ఆధారం లేని ఖర్చు చూపడం 270ఏ సెక్షన్‌లో మిస్‌రిపోర్టింగ్ జాబితాలో ఉంది. దానికి జరిమానా ఆ పన్ను మీద 200 శాతం. మామూలుగా తక్కువ చూపిస్తే 50 శాతం. మూడో రకం కాగితం లేకపోతే మొదటి రెండూ ఉన్నా అధికారి 200 వైపు వాదించడానికి వీలిచ్చినట్టే.

గళ్ళపుస్తకం

థర్మల్ కాగితం గురించి ఒక్క మాట. బస్సు టికెట్లు, పెట్రోల్ బంకు రసీదులు, టోల్ చీటీలు కొన్ని నెలలకే తెల్లబడతాయి. లామినేషన్ చేయిస్తే ఆ వేడికి మొత్తం నల్లబడుతుంది. పాలిథీన్ కవర్లో పెట్టినా, టేపు అతికించినా అక్షరం పోతుంది. ఆ రోజే ఫొటో తీసి, తేదీ, ఊరు, మొత్తం ఫైలు పేరులోనే పెట్టాలి. అసలు చీటీ కాగితం కవర్లో.

రోకడ్‌బాబు

ఇన్ని అవసరమా? యూపీఐలో కడితే అంతా ఫోన్లోనే ఉంటుంది కదా. స్క్రీన్‌షాట్ చాలదా?

జమాఖర్చు

స్క్రీన్‌షాట్ డబ్బు పోయిందని చెబుతుంది, దేనికి పోయిందో చెప్పదు. 2,400 ఒక వ్యక్తి పేరుకు వెళ్ళింది, అది టాక్సీనా చీరా? బిల్లుకు యూపీఐ తోడు, బిల్లుకు బదులు కాదు. క్యాబ్ యాప్ అయితే ఈమెయిల్‌కు వచ్చే రసీదులో ఎక్కిన చోటు, దిగిన చోటు, సమయం ఉంటాయి. అన్నిటికన్నా మంచి ఆధారాల్లో అదొకటి. దాన్ని ఎవరూ భద్రం చేయరు.

వోచర్‌వాణి

సొంతంగా రాసుకునే వోచర్ల సంగతి కూడా చెప్పాలి. రూల్ 6ఎఫ్ (ఏ పుస్తకాలు, కాగితాలు ఉంచాలో చెప్పేది) వర్తించే వృత్తులవాళ్ళకి బిల్లు ఇవ్వని చోట సొంత సంతకంతో వోచరు రాసుకునే వీలుంది. కాని 50 రూపాయలు మించని ఖర్చుకే. అవును, యాభయ్యే. ఈ రోజుల్లో యాభైకి ఆటో ఎక్కడ కదులుతుందో రూలు రాసినవాళ్ళకే తెలియాలి. అంతకు మించితే రసీదు కావాల్సిందే. ఆచరణలో వంద, రెండొందల వోచర్లు అందరూ పెడతారు గాని మొత్తం ప్రయాణ ఖర్చులో వాటి వంతు పెరిగేకొద్దీ అధికారి ఒక శాతం అని అడ్డంగా కొట్టేస్తారు. వోచరు మీద నంబరు, తేదీ, ఎక్కణ్ణించి ఎక్కడికి, ఎవరిని కలవడానికి, మొత్తం ఉండాలి. ఏడాది చివర్లో ఒకే పెన్నుతో, ఒకే సిరాతో వరసగా రాసిన కట్ట చూడగానే తెలిసిపోతుంది.

ఆవర్జా

నగదు గురించి కూడా. సెక్షన్ 40ఏ(3): ఒక మనిషికి ఒక రోజులో 10,000 మించి నగదుగా ఇస్తే ఆ ఖర్చు మొత్తం పోతుంది, పైన మిగిలింది మాత్రమే కాదు. నాలుగు రోజుల కారు బాడుగ చివరి రోజు డ్రైవరుకు 14,000 నగదుగా ఇస్తే ఆ 14,000 మొత్తం ఖర్చులోకి రాదు. 35,000 పరిమితి సరకు రవాణా వాహనాలకు, ప్రయాణికుల కారుకు కాదు. 7,000 చొప్పున రెండు బిల్లులు రాయించుకున్నా అదే రోజైతే కలిపే లెక్క.

గళ్ళపుస్తకం

సొంత కారు వాడేవాళ్ళకి సెక్షన్ 38(2) ఉంది, వ్యాపారానికి వాడిన మేరకే. ఏడాదిలో 14,000 కిలోమీటర్లు తిరిగి అందులో 8,400 పనిమీదైతే 60 శాతం. పెట్రోలు, ఇన్సూరెన్సు, రిపేరు, 15 శాతం తరుగుదల, అన్నిటికీ అదే 60. కొన్న ఏడాది 180 రోజుల కన్నా తక్కువ వాడితే తరుగుదల సగమే.

లాగ్‌బుక్కులో తేదీ, బయలుదేరినప్పటి మీటరు, తిరిగొచ్చినప్పటి మీటరు, దారి, పని, కలిసినవాళ్ళు. అది ఆ రోజే రాయాలి. ఎందుకంటే సర్వీసింగ్ బిల్లు మీద కూడా మీటరు రీడింగ్ వేస్తారు. లాగ్‌బుక్కులో జూలై 10న 41,200 అని ఉండి, జూలై 12 సర్వీసు బిల్లులో 39,800 అని ఉంటే ఇక పుస్తకమంతా అనుమానమే. ఫాస్టాగ్ స్టేట్‌మెంటు కూడా దింపి పక్కన పెట్టుకోండి. బండి నంబరు, ప్లాజా పేరు, సమయం వేరేవాళ్ళు రాసిన సాక్ష్యం అది.

ఇంటి నుంచి రోజూ వెళ్ళే ఆఫీసుకు ప్రయాణం ఇందులోకి రాదు.

కచ్చాచిట్టా

పని మీద వెళ్ళి రెండు రోజులు అదనంగా ఉన్నా, ఇంట్లోవాళ్ళని తీసుకెళ్ళినా?

జమాఖర్చు

ఇంట్లోవాళ్ళ టికెట్లు పూర్తిగా సొంతం. గది ఇద్దరికి తీసుకుంటే ఒకరికి ఎంతయ్యేదో అంతే. హోటలువాళ్ళ ఒక్కరి రేటు వెబ్ పేజీ ఆ రోజే ప్రింట్ తీసి పెట్టుకుంటే వాదన ఉండదు. అదనపు రాత్రులు, ఆ రోజుల భోజనం సొంతం. రానుపోను ఛార్జీ మాత్రం ప్రయాణం ముఖ్యంగా పనికే అయితే నిలబడుతుంది. ఒక రోజు మీటింగు, వారం విహారం అయితే నిలబడదు. మధ్యలో ఉన్నవాటికి ముందే మీరే విడగొట్టి సొంత భాగాన్ని డ్రాయింగ్స్‌లో (సొంత వాడకం పద్దులో) రాసేయండి. అలా విడగొట్టిన పుస్తకం మీద అధికారికి నమ్మకం కుదురుతుంది, మిగతా పద్దుల్ని కూడా అంత గీరరు.

ఇంకో నాలుగు చిక్కులు. మార్చి 28న వెళ్ళి ఏప్రిల్ 3న వచ్చిన ప్రయాణం, మర్కంటైల్ పద్ధతిలో (డబ్బు కట్టిన రోజుకు కాక, ఖర్చు ఏ కాలానిదో ఆ కాలానికి రాసే లెక్క) రెండు సంవత్సరాలకూ విడిపోతుంది. ఫిబ్రవరిలో కొన్న ఏప్రిల్ టికెట్టు ముందస్తు ఖర్చు, వచ్చే ఏడాదిది. పాయింట్లతో కొన్న టికెట్టుకు జేబులోంచి కట్టినంతే ఖర్చు. రద్దయిన టికెట్టుకు కోసుకున్న ఛార్జీ మాత్రం తీసుకోవచ్చు, వెనక్కి వచ్చింది తీసేసి.

యంత్రం కొనడానికి వెళ్ళి వచ్చిన ఖర్చు ప్రయాణం పద్దులోకి కాదు, యంత్రం ధరలోకి.

ఐటీఆర్-3లో లాభనష్టాల షెడ్యూల్లో దేశంలో ప్రయాణం, విదేశీ ప్రయాణం, కన్వేయన్సు, హోటల్ బస, అన్నిటికీ వేరు వేరు గడులున్నాయి. అన్నీ ఇతర ఖర్చుల్లో పడేయవద్దు.

ఆవర్జా

జీఎస్టీ ఉన్నవాళ్ళకి హోటల్ దగ్గర ఒక తిరకాసు ఉంది. గది ఏ రాష్ట్రంలో ఉంటే పన్ను ఆ రాష్ట్రానిదే, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. తెలంగాణ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళు ముంబైలో దిగితే ఆ పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ (తాము కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకునే వీలు) రాదు. అందుకని ఆ జీఎస్టీ కూడా గది ఖర్చులో కలుపుకోవాలి. విమానం టికెట్టుకు అలా కాదు. బుకింగ్‌లో జీఎస్టీ నంబరు ఇస్తే పన్ను మీ రాష్ట్రానికే వస్తుంది, క్రెడిట్ తీసుకోవచ్చు. అప్పుడు పన్ను తీసేసిన మొత్తమే ఖర్చు. రెండు చోట్లా తీసుకుంటే దొరికిపోతారు. ఎయిర్‌లైన్ జీఎస్టీ ఇన్వాయిస్ టికెట్టుతో రాదు, వాళ్ళ సైటులో విడిగా దింపుకోవాలి. భోజనం బిల్లుల మీద క్రెడిట్ జీఎస్టీ చట్టం 17(5) కింద ఎలాగూ లేదు.

బుకింగ్ సైటు ఇచ్చే కాగితం జాగ్రత్తగా చదవండి. చాలాసార్లు అది వాళ్ళ సేవా రుసుము బిల్లే, గది బిల్లు కాదు. చెకౌట్ చేసేటప్పుడు హోటల్ దగ్గర గది ఇన్వాయిస్ అడిగి తీసుకోవాలి.

రోకడ్‌బాబు

ఉద్యోగులకు ఇవేమైనా వర్తిస్తాయా? కంపెనీ పనిమీద తిరిగేవాళ్ళు ఉంటారు.

వోచర్‌వాణి

జీతం ఆదాయంలోంచి ప్రయాణ ఖర్చు తీయడానికి లేదు, స్టాండర్డ్ డిడక్షన్ ఒక్కటే (కొత్త విధానంలో 75,000, పాతదానిలో 50,000). బిల్లులిచ్చి కంపెనీ దగ్గర తీసుకున్నది అసలు జీతంలోకే రాదు. టూర్ అలవెన్సుగా ఇస్తే 10(14), రూల్ 2బీబీ కింద నిజంగా ఖర్చయినంత మేరకు పన్ను లేదు. ఇది కొత్త విధానంలోనూ ఉంది. కంపెనీ గడువులోపు బిల్లులివ్వక ఫారం-16లో పన్ను పడిపోతే రిటర్నులో అడగవచ్చు. కాని ఫారం-16కూ రిటర్నుకూ తేడా వస్తుంది కాబట్టి రీఫండ్ ఆగి ప్రశ్న వచ్చే అవకాశం ఎక్కువ. కాగితాలు సిద్ధంగా లేకుండా అడగవద్దు.

టిక్‌మార్క్

ప్రయాణాల్లో పడి మొదటి ప్రశ్న వదిలేయొద్దు. ప్రాసెసింగ్ అయ్యాక కూడా డబ్బు రాని కారణాలు ఇవి.

ఖాతా: ప్రొఫైల్‌లో మై బ్యాంక్ అకౌంట్ తెరిచి, ఖాతా వ్యాలిడేట్ అయిందో లేదో, రీఫండ్‌కు నామినేట్ చేశారో లేదో చూడాలి. ఎక్కువగా ఫెయిలయ్యేది పాన్‌లో పేరు ఒకలా, బ్యాంకులో ఇంకోలా ఉండటం వల్ల. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉండటం మనవాళ్ళలో మరీ ఎక్కువ. తర్వాతది బ్యాంకులు కలిసిపోయినప్పుడు మారిన ఐఎఫ్ఎస్‌సీ. సరిచేశాక సర్వీసెస్‌లో రీఫండ్ రీఇష్యూ అడగాలి. ఖాతా సరిచేయడం ఒక్కటే చాలదు, రిక్వెస్టు పెట్టేదాకా రాదు.

పాన్-ఆధార్: లింకు లేక పాన్ పనిచేయని స్థితిలో ఉంటే రీఫండ్ ఇవ్వరు, ఆ కాలానికి వడ్డీ కూడా రాదు.

సెక్షన్ 245: పాత బకాయి ఉందని ఇంటిమేషన్ వస్తే 21 రోజుల్లో రెస్పాన్స్ టు అవుట్‌స్టాండింగ్ డిమాండ్‌లో జవాబు. ఆ బకాయి కట్టేసి ఉంటే చలాను బీఎస్‌ఆర్ కోడ్, తేదీ, క్రమసంఖ్య, మొత్తం ఇవ్వాలి. జవాబు లేకపోతే కోసేసుకుంటారు.

టీడీఎస్ 26ఏఎస్‌లోనే లేకపోవడం: చివరి త్రైమాసికం టీడీఎస్ రిటర్నుకు క్లయింటుకు మే 31 దాకా టైముంది. మేలోనే ఐటీఆర్ వేసే ఉత్సాహవంతులకు ఈ క్రెడిట్ కనపడదు. ఇంటిమేషన్‌లో క్రెడిట్ కోత పడ్డాక క్లయింటు సవరిస్తే 154 కింద రెక్టిఫికేషన్‌లో (ఇంటిమేషన్‌లోని తప్పు సరిచేయమని అడగడం) ట్యాక్స్ క్రెడిట్ మిస్‌మ్యాచ్ ఎంచుకోవాలి. గుర్తుంచుకోండి, ఇంటిమేషన్ రాకముందు రెక్టిఫికేషన్ అనేదే లేదు.

కచ్చాచిట్టా

ఆలస్యానికి వడ్డీ ఎంతొస్తుంది?

టిక్‌మార్క్

244ఏ కింద నెలకు అర శాతం, నెలలో ఒక్క రోజైనా పూర్తి నెలే. గడువులోపు వేసిన రిటర్నుకు ఏప్రిల్ 1 నుంచి లెక్క. ఈ ఏడాది ఆడిట్ లేనివాళ్ళ గడువు సెప్టెంబర్ 16 దాకా పొడిగించారు, కాబట్టి సెప్టెంబర్ మొదటి వారం గడువులోపే. 1,38,400 నవంబర్‌లో ఇస్తే ఎనిమిది నెలలు, 4 శాతం, 5,536 రూపాయలు. రీఫండ్ తేలిన పన్నులో 10 శాతం కన్నా తక్కువైతే వడ్డీ లేదు. ఇక్కడ 41,600లో 10 శాతం 4,160, ఆ ఇబ్బంది లేదు. రిటర్నుతో కట్టిన సెల్ఫ్ అసెస్‌మెంట్ పన్ను ఎక్కువైతే మాత్రం రిటర్ను వేసిన తేదీ, పన్ను కట్టిన తేదీ, ఏది తర్వాతదైతే దాని నుంచి.

పన్ను చెల్లించేవాళ్ళ వల్లే ఆలస్యమైతే 244ఏ(2) కింద అన్ని రోజులు తీసేస్తారు, ఈ కేసులో ఆ మాట రావచ్చు. వచ్చిన వడ్డీ, వచ్చిన ఏడాది ఇతర ఆదాయాల కింద పన్నుకు వస్తుంది. ఏఐఎస్‌లో (శాఖ దగ్గరున్న మన ఆదాయ వివరాల వార్షిక పట్టిక) కనిపిస్తుంది కాబట్టి వదిలేయొద్దు.

గళ్ళపుస్తకం

విదేశీ ప్రయాణాలుంటే 26ఏఎస్‌లో టీసీఎస్ భాగం కూడా చూడండి. టూర్ ప్యాకేజీ కొంటే మొదటి రూపాయి నుంచే టీసీఎస్ (అమ్మేవాళ్ళు ధరతో పాటు వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను) కోస్తారు. అది ఖర్చు కాదు, క్రెడిట్. ప్రయాణ ఖర్చులో కలిపేసి, క్రెడిట్ కూడా అడిగితే రెండుసార్లు అయినట్టు. టీసీఎస్ షెడ్యూల్లో రాయకపోతే అసలే రాదు.

కచ్చాచిట్టా

ఈ 2025-26కి అయినా ఈ గొడవ రాకుండా ఇన్వాయిస్ ఎలా వేయాలి?

వోచర్‌వాణి

ఎక్కువ ఉపయోగపడేది, టికెట్టూ హోటలూ క్లయింటునే నేరుగా బుక్ చేయమనడం. అప్పుడు అది మీ రాబడిలోకీ రాదు, టీడీఎస్‌లోకీ రాదు. అది కుదరకపోతే ఫీజుకు ఒక ఇన్వాయిస్, ఖర్చులకు వేరే డెబిట్ నోటు. డెబిట్ నోటులో లాభం ఒక్క రూపాయి కలపకూడదు, ప్రతి వరుసకూ బిల్లు కాపీ జత చేయాలి. ఒప్పందంలో ముందే రాసుకుంటే క్లయింటు అకౌంట్స్‌వాళ్ళు టీడీఎస్ కోయకుండా ఒప్పుకునే వీలుంటుంది. జీఎస్టీ ఉన్నవాళ్ళు మాత్రం డెబిట్ నోటు మీద కూడా పన్ను వేయాల్సి వస్తుంది. సేవ చేయడానికి మీరు పెట్టుకున్న ప్రయాణ ఖర్చు సేవ విలువలో భాగమే, ప్యూర్ ఏజెంట్ మినహాయింపులోకి (కేవలం క్లయింటు తరఫున కట్టి, అంతే వెనక్కి తీసుకున్నవాటికి ఉండేది) రాదు.

జమాఖర్చు

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వస్తుంది, సెక్షన్ నంబర్లు మారతాయి. కాని 2026 మార్చి 31 దాకా నడిచే 2025-26 లెక్కలు పాత చట్టం కిందివే. ఒప్పందాల్లో సెక్షన్ నంబరు రాసేవాళ్ళు ఏప్రిల్ తర్వాతి పనులకు కొత్త నంబరు వేయించుకోండి.

రోకడ్‌బాబు

చివరిగా ఒకటి. ఈ కట్టలన్నీ ఎన్నాళ్ళు దాచాలి?

గళ్ళపుస్తకం

రూల్ 6ఎఫ్ ప్రకారం అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక ఆరేళ్ళు. 2024-25 ఖర్చులకు అసెస్‌మెంట్ సంవత్సరం 2025-26, అది 2026 మార్చి 31తో అయిపోతుంది. కాబట్టి 2032 మార్చి 31 దాకా. స్క్రూటినీకి (రిటర్నును లోతుగా తనిఖీ చేయడానికి) 143(2) నోటీసు ఇచ్చే గడువు 2026 జూన్ 30. అది దాటిందని పారేయకండి, కేసు తర్వాత తిరగదోడడానికి వేరే దారులున్నాయి. కారు అమ్మినా లాగ్‌బుక్కు మాత్రం ఉంచండి.

కచ్చాచిట్టా | 21 నవంబర్ 2025

సవరణ రిటర్నుకు 18 లక్షలతో అంకెలు వేసుకుంటే వోచర్‌వాణి గారి లెక్కే వచ్చింది. టీడీఎస్ షెడ్యూల్లో ఒక క్లయింటు టాన్ (పన్ను కోసేవాళ్ళకి ఉండే నంబరు) రెండు వరుసల్లో పడి ఉంది, దాన్ని కలిపేయాలా?

వోచర్‌వాణి

కలపొద్దు. 26ఏఎస్‌లో వేర్వేరు సెక్షన్ల కింద కోసి ఉంటే రెండు వరుసలూ ఉండాలి. రెండూ 194జే అయితేనే ఒక వరుసగా చేసి, రాబడి గడిలో రెండింటి మొత్తం వేయండి. ఆ మొత్తం 26ఏఎస్‌లో ఆ టాన్ మొత్తంతో రూపాయి తేడా లేకుండా కలవాలి.

టిక్‌మార్క్

వేసే ముందు 26ఏఎస్ కొత్తగా దింపుకోండి. ఏ క్లయింటైనా మధ్యలో టీడీఎస్ రిటర్ను సవరించి ఉంటే జూలైలో దింపిన కాపీతో అంకెలు కలవవు.